పోటీ పరీక్షల ప్రత్యేకం: మోడల్ వెర్బ్ + ‘బి’ + ఐఎన్‌జీ

జగ్గయ్యపేట, నందిగామల నుంచి ఎస్ఎస్‌సీ, బ్యాంకు పరీక్షలకు చదివే తెలుగు మీడియం అభ్యర్థులకు.

వెయిటేజీ: ఎస్ఎస్‌సీ సీజీఎల్ టైర్-1లో ఇంగ్లిష్ 25 ప్రశ్నలు, 50 మార్కులు.

సూత్రం: మోడల్ + బి + క్రియ-ఐఎన్‌జీ. ‘బి’ స్థానంలో ఈజ్, వాజ్, బీన్ రావు. గతానికి: మోడల్ + హ్యావ్ బీన్ + క్రియ-ఐఎన్‌జీ. కర్త ‘షి’ అయినా ‘హ్యాస్’ రాదు. తప్పు గుర్తించే ప్రశ్నలకు ఇదే ముఖ్యం.

65వ నంబరు జాతీయ రహదారిపై హైదరాబాద్-విజయవాడ బస్సుకు ముందు జగ్గయ్యపేట, తర్వాత నందిగామ. బస్సు జగ్గయ్యపేట దాటి చాలాసేపైంది:
‘ఇట్ మస్ట్ బి నియరింగ్ నందిగామ’: గట్టి ఊహ.
‘మే/మైట్ బి నియరింగ్’: కావచ్చు.
‘కాంట్ బి నియరింగ్’ (ఇంకా జగ్గయ్యపేట దాటకపోతే): అయ్యుండదు.

చాలామంది జారేది ఇక్కడే. ‘మస్ట్’ ఊహకు వ్యతిరేకం ‘కాంట్’. ‘మస్ట్ నాట్’ నిషేధం. తెలుగులో ‘వస్తూ ఉండాలి’ అంటే సాధారణంగా ఊహ, ‘రావాలి’ అంటే సాధారణంగా ఆజ్ఞ అని గుర్తుంచుకుంటే ‘మస్ట్’కున్న ఈ రెండు అర్థాల తేడా తెలుస్తుంది.

‘షుడ్ బి స్టడీయింగ్’: ఇప్పుడు చదువుతూ ఉండాల్సింది.
‘విల్ బి ట్రావెలింగ్’: భవిష్యత్తులో ఒక సమయానికి జరుగుతూ ఉండే పని. ‘విల్ యు బి కమింగ్?’ మర్యాదగా అడగడం.

మినహాయింపు: నో, బిలీవ్, ఓన్, బిలాంగ్ వంటి స్థితి క్రియలకు సాధారణంగా ఐఎన్‌జీ రాదు. ‘మస్ట్ బి నోయింగ్’ తప్పు, ‘మస్ట్ నో’ ఒప్పు.

పనిలో పని: అంతకుముందు కృష్ణా జిల్లాలో ఉన్న జగ్గయ్యపేట, నందిగామ పట్టణాలు 2022 ఏప్రిల్ 4 నుంచి ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నాయి. జిల్లాల ప్రశ్నల్లో అడగవచ్చు.