బొమ్మల శిబిరం – మన మెట్ట ప్రాంతం

నిరుటి మే నెలలో ఒక చిత్రకళా పాఠశాల వారు నందిగామలో పది రోజుల ఉచిత శిబిరం నడిపారు. నేను బయలుదేరుతుంటే నాన్న, "బొమ్మలు కూడు పెడతాయంట్రా?" అన్నారు. పత్తీ మిరపా పండించే మెట్ట రైతు అడగవలసిన ప్రశ్నే అది. సైన్సు విద్యార్థిని గనుక జవాబు వెతుకుదామనే వెళ్ళాను. అక్కడ తెలుసుకొన్న నాలుగు సంగతులు మిత్రులకు మనవి చేస్తున్నాను.

మొదటి పాఠం ముగ్గు. మాస్టారు చాక్‌పీసు పట్టలేదు. సంతకం కూడా రాని ఒక పెద్దమ్మ చేత ముగ్గు వేయించి, తాను పక్కన నిలబడి వివరించారు. చుక్కలు సమదూరంలో ఉంటేనే మెలిక తిరిగి మొదటికొస్తుంది. స్ఫటికాల పాఠంలో మేం చదివే సౌష్ఠవం ఇదే గదా!

రెండోది రంగు. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడి పారాణి అవుతుంది. పసుపులోని కర్క్యుమిన్‌కు క్షారం తగలడమే కారణం. చింతపండు పులుసు పోస్తే మళ్ళీ పసుపుపచ్చే. లేబొరేటరీలో లిట్మస్ చేసే పని మన వంటింట్లోనే ఉంది.

మూడోది కొండపల్లి బొమ్మ. తేలికైన తెల్లపొణికి కర్రతో విడి భాగాలు చెక్కి, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికి, సున్నం పూసి, ఆపైన రంగులు వేస్తారు. ఇంటిల్లిపాదీ తలా ఒక చెయ్యి వేస్తేనే బొమ్మ పూర్తయ్యేది.

చివరిరోజు బస్సెక్కి జగ్గయ్యపేట ధనంబోడుకు వెళ్ళాం. 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వించిన బౌద్ధస్తూపం అది. మేఘాలనుంచి నాణేలు కురుస్తున్న మాంధాత చక్రవర్తి శిల్పం అక్కడిదే; ఇప్పుడది చెన్నై మ్యూజియంలో ఉంది. అక్కడి శాసనం గురించి మాస్టారు చెప్పింది విని నాకు నాన్న ప్రశ్న గుర్తొచ్చింది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 20వ ఏట, అంటే క్రీ.శ. 3వ శతాబ్దిలో, సిద్ధార్థుడనే ఆవేసని తల్లి, భార్య, పిల్లలు, తమ్ముడితో కలసి తూర్పు వాకిట అయిదు ఆయకస్తంభాలు దానం చేశాడట. ఆవేశనం అంటే పనిశాల. ఆవేసని అంటే దాని మేస్త్రీ. తండ్రి నాగచంద్రుడూ ఆవేసనే. చేతిపని ఆ ఇంటికి కూడు పెట్టింది, పైన దానానికీ మిగిల్చింది.

అయితే పది రోజుల శిబిరం ఎవరికీ జీవనోపాధి చూపించదు. ఆ మాట దాచకూడదు. పనికి గిరాకీ ఉన్న కాలం సిద్ధార్థుడిది. శిబిరం చేసేదల్లా మన ఇంటి విద్యను మన కళ్ళకు చూపడం. ఆ పెద్దమ్మ జీవితంలో మొదటిసారి ఒకరికి పాఠం చెప్పింది. అది చిన్న విషయమా?

పత్తి తీత, మిరప కళ్ళాలు ముగిశాక ఏరువాక దాకా మన ఊళ్ళలో చేతులు ఖాళీ, బడులు ఖాళీ. మన విద్యార్థి సంఘం వచ్చే వేసవికి ఒక్క బడి వరండా అడిగి తీసుకుంటే చాలు. ముగ్గుపిండి మా ఇంటినుంచి నేను తెస్తాను.