పాత ఆటయంత్రముల మీటలు, బొత్తాములు

1972వ సంవత్సరమున అమెరికా దేశమందలి కాలిఫోర్నియా రాష్ట్రములో, సన్నీవేలు అను పట్టణమున, ఒక పానశాలయందు పాంగ్ అను వింతయంత్రమును నిలిపిరి. అటారీ సంస్థవారి పక్షమున అలన్ ఆల్కార్న్ అను ఇంజనీరు దానిని నిర్మించెను. తెరపై నొక వెలుగుచుక్క బంతివలె ఇటునటు పోవుచుండ, ఇద్దరు మనుష్యులు చెరియొక గుండీని త్రిప్పుచు దానిని ఎదుర్కొనుచుందురు. కొలది దినములకే యంత్రము పాడైనదని కబురు వచ్చెను. ఆల్కార్న్ పోయి తలుపు తెరచి చూడగా, నాణెములు పడు డబ్బా నిండి పొర్లుచుండెను. అంతకుమించి దానికి జబ్బేమియు లేదు.

ఈ వృత్తాంతమును కేవలము వేడుకకై చెప్పలేదు. యంత్రము నిలిచినది గదాయని ఏదో యొక భాగము చెడినదని తలంచి, క్రొత్తదానికై అంగడికి పరుగెత్తుట యీ విద్యలో మొదటి తప్పు. ముందు తెరచి చూడవలెను. పాతభాగమును బాగుచేయుటకు వీలున్నదా లేదాయని తేల్చుకొనిన పిదపనే క్రొత్తభాగమును వెదకవలెను.

నాణెము వేసినచో ఆడనిచ్చు ఈ యంత్రములను ఆర్కేడు యంత్రములందురు. 1970, 1980 దశాబ్దములలో అమెరికాయందును జపానునందును ఇవి వేలకొలదిగా వెలసెను. నేడు వానిలో మిగిలినవి కొన్ని గృహములందును, కొన్ని ప్రదర్శనశాలలయందును ఉన్నవి. న్యూ హాంప్‌షైరు రాష్ట్రమున లకోనియాలోని ఫన్‌స్పాటునందు ఇట్టి యంత్రములకే యొక ప్రదర్శనశాల గలదు. అచ్చట వానిని అద్దాలలో పెట్టియుంచక, వచ్చినవారిచేత ఆడించుచుందురు. ఆడించినచో అరుగును, ఆడింపనిచో అది ఆటయంత్రమే కాదు. చిక్కంతయు నిచ్చటనే యున్నది. హార్మోనియమునందు మెట్లు ముందుగా అరిగినట్లు, ఈ యంత్రములయందును చేయి తగులు భాగములే ముందుగా చెడును.

మొదట బొత్తాముల సంగతి చూతము. 1980 ప్రాంతపు అమెరికా యంత్రములలో బొత్తాము క్రింద మైక్రోస్విచ్చి యుండదు. లీఫ్ స్విచ్చి యుండును. అనగా సన్నని లోహపు రేకులు రెండు ఒకదానికొకటి అతి సమీపముగా నిలిచియుండును. వాని కొనలయందు చిన్న స్పర్శబిందువులుండును. బొత్తామును నొక్కినపుడు ఒక రేకు వంగి రెండవదానిని తాకును, విద్యుత్తు ప్రవహించును. చప్పుడుండదు. వేలికి బరువు తోచదు. రేకుల నడుమ సందును ఆడువాని యిష్టప్రకారము తగ్గింపవచ్చును గనుక, మిక్కిలి త్వరగా పలుమారులు నొక్కుటకు ఇది యెంతయు అనుకూలము.

1979లో అటారీవారు విడుదల చేసిన ఆస్టరాయిడ్సు అను ఆటలో మీట లేనేలేదు. ఎడమకు తిరుగుట, కుడికి తిరుగుట, ముందునకు దూకుట, కాల్చుట, మాయమగుట — అన్నియు అయిదు బొత్తాములపైననే నడచును. 1982లో స్కాట్ సాఫ్రన్ అను బాలుడు ఈ యాటలో 4,13,36,440 అంకములు సంపాదించెను. దానిని 2010లో జాన్ మెకాలిస్టరు అనునతడు మించుటకు ఒకే యాటను సుమారు 58 గంటలు ఆడవలసి వచ్చెను. అంతసేపటిలో ఒక్క బొత్తాము మొండికెత్తినను శ్రమ యంతయు మంటగలియును. రెండు రేకుల నడుమ సందునకు విలువ యెంతయో దీనిచే గ్రహింపవచ్చును.

లీఫ్ స్విచ్చి పనిచేయనపుడు నూటికి ఎక్కువ పాళ్లు అది చెడియుండదు, మురికి పట్టియుండును. ఇచ్చట భౌతికశాస్త్రము మనకు తోడ్పడును. బొత్తాములగుండ పారునది 5 వోల్టుల స్వల్పప్రవాహము. ఎక్కువ వోల్టుల ప్రవాహమైనచో స్పర్శబిందువులపై పేరుకొనిన సన్నని ఆక్సైడు పొరను నిప్పురవ్వచే కాల్చి దారి చేసికొనును. 5 వోల్టులకు ఆ శక్తి లేదు; పలుచని మాలిన్యమే దానికి గోడయగును. కావున యంత్రమునకు విద్యుత్తును పూర్తిగా తీసివేసి, గట్టి అట్టముక్కను ఐసోప్రోపైల్ ఆల్కహాలులో కొంచెము తడిపి, రెండు బిందువుల నడుమ నుంచి, రేకులను మెల్లగా అదిమి అట్టను లాగవలెను. అట్ట నల్లబడకుండు వరకు ఇట్లు చేసినచో చాలును. కొందరు తొందరపడి గరుకు కాగితముతోనో ఆకురాయితోనో రుద్దుదురు. పిన్‌బాలు యంత్రములలోని కఠినమైన టంగ్‌స్టను బిందువులకు ఆకురాయి తగును గాని, వీనికి తగదు. పైపూత లేచిపోయినచో ఆ స్విచ్చి మరి కొన్ని నెలలకే నిజముగా చెడును.

రేకు విరిగిననే మార్పవలెను. అప్పుడు చాలమంది చేయు పని మైక్రోస్విచ్చిని అమర్చుట. 1932 ప్రాంతమున అమెరికాలో ఇల్లినాయి రాష్ట్రపు ఫ్రీపోర్టు పట్టణమున రూపొందిన ఈ సాధనము చిన్న పెట్టెలో మూయబడి, టక్కున తెరచుకొని టక్కున మూసికొనును, ధూళి చొరదు, చవకగా దొరకును. మంచి వస్తువే. అయినను పాత ఆస్టరాయిడ్సు యంత్రమునకు దానిని పెట్టినచో చప్పుడు వచ్చును, నొక్కుబరువు మారును, సందును దిద్దుకొను వీలు పోవును. యంత్రము నడచును, కాని చేతికి వేరొక యంత్రమువలె తోచును. పాతవానివంటి లీఫ్ స్విచ్చిలే నేటికిని క్రొత్తగా తయారగుచున్నవి గనుక, కొంచెము ఓపికపట్టి వానినే తెప్పించుట మేలని మా యభిప్రాయము.

కొలతల విషయమును మరువరాదు. అమెరికా పలకలయందు బొత్తాము రంధ్రము ఒక అంగుళమును అంగుళములో ఎనిమిదవ వంతును, అనగా సుమారు 28.6 మిల్లీమీటర్లు. జపానులో సాన్వా, సేమిత్సు సంస్థలవారు చేయు బొత్తాములు ఆటకు 30 మిల్లీమీటర్లవి, ఆరంభమునకు 24 మిల్లీమీటర్లవి. ఒకటిన్నర మిల్లీమీటరు భేదమే గదాయని నలువది యేండ్ల నాటి లోహపు పలకను ఆకురాయితో తొలిచినవారు గలరు. బొత్తామును మరల కొనవచ్చును. తొలిచిన పలకను పూడ్చుటకు వీలులేదు.

ఇక మీటలు, అనగా జాయ్‌స్టిక్కులు. వీనియందు జరుగు పొరపాటు మరింత సూక్ష్మమైనది. మీట క్రింద నాలుగు స్విచ్చిలుండును: పైకి, క్రిందికి, ఎడమకు, కుడికి. మీటను మూలగా త్రోసినచో రెండు స్విచ్చిలు ఒక్కమారే మూతపడును. ఇట్లు నాలుగు స్విచ్చిలే ఎనిమిది దిక్కులను తెలుపగలవు. 1980లో జపానునందు నాంకో సంస్థకై టోరు ఇవతాని రూపొందించిన పాక్‌మాన్ ఆటకు నాలుగు దిక్కులే కావలెను. కావున దాని మీట మూలలకు పోకుండ క్రింద నొక అడ్డుపలక యుండును. ఎనిమిది దిక్కుల మీటను తెచ్చి దానికి బిగించితిమేని, మరలు సరిపోవును, తీగెలు సరిపోవును, ఆటయు సాగును. కాని సందు మలుపునొద్ద చేయి రవంత మూలగా పోయినపుడు యంత్రమునకు రెండు ఆజ్ఞలు ఒకేమారు అందును. పాక్‌మాన్ తిరుగవలసినచోట తిరుగక భూతముల నోట పడును. ఆడువాడు తన చేతినే నిందించుకొనును. తప్పు మరమ్మతు చేసినవానిదని అతనికి తెలియనే తెలియదు.

అట్లని నాలుగు దిక్కుల మీట యెల్ల యెడల శ్రేష్ఠమనుకొనరాదు. 1982లో విలియమ్సు సంస్థనుండి వచ్చిన రోబోట్రాన్ ఆటకు రెండు మీటలు. ఒకటి నడచుటకు, ఒకటి కాల్చుటకు. రెండును ఎనిమిది దిక్కులవే కావలెను. అదే సంవత్సరమున గాట్‌లీబు సంస్థవారు తెచ్చిన క్యూబర్టు ఆటలో మీట నాలుగు దిక్కులదే గాని, దానిని కావలెననియే నలుబది యైదు డిగ్రీలు త్రిప్పి వంకరగా బిగించిరి. ఏలయన అందలి ప్రాణి మెట్లపై మూలగానే దూకును. తెలియనివాడు దానిని చూచి, ఎవరో తప్పు బిగించిరని సరిచేయబోయి ఆటను చెరచును! ఒక భాగమును విప్పుటకు ముందు నాలుగువైపులనుండి ఛాయాచిత్రములు తీసి, తీగెల రంగులను వ్రాసి యుంచుకొనవలెననుట ఇందుకే.

ఇప్పటి మీటలలో అనేకమునకు అడ్డుపలకను త్రిప్పి నాలుగు దిక్కులకో ఎనిమిది దిక్కులకో మార్చుకొను వీలున్నది. పాతమీటయందు మొదట చెడునది సాధారణముగా దానిని నడుమకు తెచ్చు రబ్బరు గుండ్రము. రబ్బరు ఏండ్లు గడచిన కొలది గట్టిపడి పగులును. రబ్బరు గుండ్రము స్వల్పవెలకే లభించును. దానికై మీటనంతయు పారవేయ బనిలేదు.

త్రిప్పు సాధనములు రెండు తెగలు. పాంగ్ గుండీలును, 1983 నాటి స్టార్ వార్సు ఆటయందలి విమానచక్రమువంటి పట్టును పొటెన్షియోమీటరుచే పనిచేయును. దీనికి బదులు కొనునపుడు ఓముల సంఖ్య నొక్కదానినే చూచుట చాలదు. 5,000 ఓముల సరళరీతి పొటెన్షియోమీటరును సగము త్రిప్పిన 2,500 వచ్చును. రేడియోల శబ్దమును హెచ్చించుటకు వాడు రకమును సగము త్రిప్పిన 500 మొదలు 750 వరకే రావచ్చును. రెంటిపైనను 5,000 అనియే వ్రాసియుండును! రెండవదానిని పెట్టినచో బ్యాటు ఒకవైపు ప్రాకుచు, రెండవవైపు ఎగురుచు నుండును.

రెండవ తెగ కాంతితో పనిచేయునది. చీలికలుగల చక్రము రెండు వెలుగుకన్నుల నడుమ తిరుగును. ఆ కన్నులు ఒకదానికంటె నొకటి పావు అడుగు వెనుకగా చూచునట్లు అమర్చబడియుండుటచే, ఏ కన్ను ముందుగా వెలుగును గాంచెనో దానినిబట్టి యంత్రము త్రిప్పిన దిశను గుర్తించును. 1981 నాటి టెంపెస్టు గుండీయు, 1980 నాటి మిసైల్ కమాండు బంతియు ఇట్టివే. 1986లో టైటోవారి అర్కనాయిడు గుండీయందు పండ్లచక్రములుండి, వెలుపలి గుండీ కొంచెము తిరిగిన లోపలి చక్రము చాల తిరుగును. పండ్లచక్రములు లేని గుండీని అచ్చట పెట్టినచో బ్యాటు నత్తవలె నడచును.

ట్రాక్‌బాలునందు, అనగా బంతియందు, ఇట్టి చక్రములు రెండుండును: అడ్డమునకొకటి, నిలువునకొకటి. బంతి నిలువుగా మాత్రమే కదలుచున్నదనుకొందము. కొనుటకు ముందు నొక చిన్న పరీక్ష చేయవలెను. రెండు వెలుగుకన్నుల పలకలును ఒకే రకమువైనచో, విద్యుత్తు తీసివేసి, వాని తీగెల కొనలను పరస్పరము మార్చవలెను. మరల నడిపి అడ్డముగా దొరలించినపుడు ఏమియు కదలక, నిలువుగా దొరలించినపుడు తెరపై గుర్తు అడ్డముగా కదలినచో, అడ్డపు పలకయే చెడినది. నిలువుగా దొరలించినను అడ్డపు కదలిక లేనిచో, పలక నిర్దోషి. తీగెలోనో లోపలి యంత్రములోనో లోపమున్నది. కానీ ఖర్చులేని ఈ పరీక్షవలన అనవసరపు కొనుగోలు తప్పును. బంతి గరగరలాడినచో బేరింగులు అరిగినవని యర్థము. బేరింగు ఆటయంత్రములకే ప్రత్యేకమైన వస్తువు కాదు. లోపలి వ్యాసము, వెలుపలి వ్యాసము, మందము ఈ మూడును కొలిచి, అంచున చెక్కిన సంఖ్యను చూపినచో బేరింగులమ్ము అంగడివారే ఇత్తురు.

కొన్నింటికి మాత్రము ఇట్టి సులభోపాయము లేదు. 1982 నాటి ట్రాన్ యంత్రపు నీలిరంగు వెలుగుపట్టు అట్టివానిలో నొకటి. అట్టివానికి మార్గములు మూడు. గిడ్డంగులలో అమ్ముడుపోక మిగిలిన నాటి సరుకు మొదటిది. వెల యెక్కువ, అందున్న రబ్బరు భాగములు వాడకయే పాడైయుండవచ్చును. బాగుచేయ వలనుపడని యంత్రమునుండి ఊడదీసినది రెండవది. మూడవది పాతదానిని చూచి క్రొత్తగా పోతపోసినదో, అచ్చుయంత్రముచే ముద్రించినదో. రెండవ మార్గమునందు మాకు కొంత సంకోచము గలదు. బాగుచేయ వలనుపడదని తీర్పు చెప్పువారు తరచు ఆ భాగమును అమ్ముకొనదలచినవారే యైయుందురు.

ఏ మార్గమున తెచ్చినను, తీసివేసిన పాతభాగమును చెత్తలో వేయక, తేదీయు దానిని తీసిన కారణమును వ్రాసిన చీటీతో గుడ్డసంచిలో కట్టి, ఆ యంత్రపు పెట్టెలోనే అడుగున నుంచవలెను. నాణెముల డబ్బా ప్రక్కను దానికి చోటుండును.