గోధుమ మానినా తగ్గని సీలియాక్ వ్యాధి: చిన్నపేగు లోపలికి వెళ్లి చూసే పరీక్షలు

ఉదాహరణకు, బస్తర్ జిల్లా జగదల్‌పూర్‌లో స్థిరపడిన ఒక తెలుగు కుటుంబంలోని మహిళను ఊహించుకుందాం. వయసు యాభై దాటింది. పదేళ్ల క్రితం సీలియాక్ వ్యాధి అని తేలింది. ఆనాటి నుంచి చపాతీ ముట్టలేదు. అన్నం, స్థానికులు మండియా పేజ్ అని పిలుచుకునే రాగిజావ, సామల అన్నంతో ఆరోగ్యం కుదుటపడింది. ఇప్పుడు ఆరు నెలలుగా మళ్లీ విరేచనాలు, రక్తహీనత. ఒంటి మీది బట్టలు వదులైపోయాయి. ఇలాంటప్పుడు ఏం జరిగి ఉండవచ్చు?

సీలియాక్ వ్యాధి ఉన్నవారిలో గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లోని గ్లూటెన్ అనే ప్రోటీన్ రోగనిరోధక వ్యవస్థను రెచ్చగొడుతుంది. దాంతో చిన్నపేగు లోపలి గోడ మీద వేళ్లలా నిలిచి ఆహారాన్ని పీల్చుకునే చూషకాలు అరిగి చదునైపోతాయి. ధాన్యానికీ ఈ జబ్బుకూ ఉన్న సంబంధాన్ని డచ్ పిల్లల వైద్యుడు విల్లెమ్ కారెల్ డికే 1950లో తన సిద్ధాంత వ్యాసంలో వివరించారు. మన దేశంలో ఈ జబ్బు అంతటా ఒకేలా లేదు. 2016లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో 23 వేల మందికి పైగా పరీక్షిస్తే, ఈ వ్యాధిని సూచించే యాంటీబాడీలు ఉత్తర భారతంలో 1.23 శాతం మందిలోనూ, దక్షిణాన 0.10 శాతం మందిలోనే కనిపించాయి. జన్యువుల కంటే గోధుమ తినే పరిమాణంలోనే పెద్ద తేడా ఉంది. వరి, చిరుధాన్యాల మీద బతికే బస్తర్ తిండి దక్షిణాదికే దగ్గర. అక్కడ రక్తహీనత అనగానే సికిల్ సెల్, నులిపురుగులు, మలేరియా గుర్తుకు రావడం సహజమే. సీలియాక్ అరుదు కాబట్టి, అది ముదిరితే గుర్తించడం ఇంకా కష్టం.

మన ఉదాహరణలోని మహిళ విషయంలో మొదటి అనుమానం పేగు మీద కాదు, వంటింటి మీద రావాలి. జబ్బు తిరగబెట్టడానికి అన్నిటికంటే తరచుగా కనిపించే కారణం తెలియకుండా లోపలికి వెళ్తున్న గ్లూటెన్. బజారులో దొరికే ఇంగువ డబ్బా మీద చిన్న అక్షరాలు చదవండి, చాలావాటిలో గోధుమపిండి ఉంటుంది. గోధుమలు ఆడించిన మరలోనే రాగులు ఆడిస్తే ఆ పిండి కలుస్తుంది. బొంబాయి రవ్వ, సేమ్యా గోధుమవేనని మరిచిపోయేవారూ ఉన్నారు. పప్పులో చిటికెడు ఇంగువ కోసం ఖరీదైన పరీక్షలకు పరుగెత్తిన ఇళ్లు ఉండే ఉంటాయని నా అనుమానం.

రెండో అనుమానం మొదటి నిర్ధారణ మీదే. చూషకాలు చదునైతే అది సీలియాకే అనుకోకూడదు. ట్రాపికల్ స్ప్రూ, జియార్డియా, పేగు క్షయ కూడా అలాంటి లక్షణాలే చూపిస్తాయి. మన ప్రాంతాల్లో ఇవి తక్కువేమీ కావు. అందుకే పాత బయాప్సీ స్లైడ్లను మళ్లీ చూడాలి.

ఇవన్నీ తేలాక, ఏడాది పాటు గ్లూటెన్‌ను పూర్తిగా మానినా లక్షణాలూ చూషకాల నష్టమూ తగ్గకపోతే దాన్ని రిఫ్రాక్టరీ సీలియాక్ అంటారు. ఇందులో రెండు రకాలు. మొదటి రకంలో పేగు పొరలోని లింఫోసైట్లు మామూలువే. స్టెరాయిడ్ వర్గం మందులతో చాలామంది కోలుకుంటారు. రెండో రకంలో ఆ కణాలు అసహజంగా మారి, ఒకే కణం సంతతిగా పెరుగుతాయి. కొన్నేళ్లలో లింఫోమా అనే క్యాన్సర్‌గా మారే ప్రమాదం ఇందులో చాలా ఎక్కువ. అందుకే ఈ రెంటినీ వేరుచేసి చెప్పగలగడం ప్రాణాల మీది మాట.

ఇక్కడే అసలు చిక్కు. మామూలు ఎండోస్కోపీ గొట్టం ఆంత్రమూలం దాటి పెద్దగా ముందుకు పోదు. చిన్నపేగు పొడవు దాదాపు 6 మీటర్లు. పుండ్లు, లింఫోమా తరచుగా ఆ తర్వాతి భాగమైన జెజునంలో ఉంటాయి.

2000లో పరిచయమైన క్యాప్సూల్ ఎండోస్కోపీ ఈ దారి తెరిచింది. సుమారు 26 మిల్లీమీటర్ల పొడవున్న మాత్రలో కెమెరా, దీపం, బ్యాటరీ, ట్రాన్స్‌మిటర్ ఉంటాయి. మింగితే పేగు కదలికలతోనే ముందుకు సాగుతూ ఎనిమిది గంటలకు పైగా, వేల సంఖ్యలో ఫొటోలు నడుముకు కట్టుకున్న రికార్డరుకు పంపుతుంది. నొప్పి లేదు, మత్తు అక్కర్లేదు. అయితే బయాప్సీ తీయలేదు. పేగు ఎక్కడైనా ఇరుకైతే ఇరుక్కుపోవచ్చు కూడా. అలాంటి అనుమానముంటే ముందు స్కాన్ తీయడమో, కొంతకాలానికి కరిగిపోయే నమూనా క్యాప్సూల్ మింగించడమో చేస్తారు.

ముక్క తీయాలంటే బెలూన్ ఎంటరోస్కోపీ కావాలి. జపాన్ వైద్యుడు హిరోనోరి యమమోటో 2001లో ఈ పద్ధతిని ప్రచురించారు. రెండు మీటర్ల గొట్టం, దాని మీద జారే మరో తొడుగు గొట్టం, రెండింటి కొసల్లోనూ చిన్న బెలూన్లు. ఒక బెలూన్ ఉబ్బించి పేగును పట్టుకుని వెనక్కి లాగితే, లంగా కుచ్చిళ్లు బొందు మీద దగ్గరికి చేరినట్టు పేగు గొట్టం మీద మడతలు పడుతుంది. మళ్లీ ముందుకు తోస్తారు. అలా అంచెలంచెలుగా లోతుకు వెళ్తారు. మత్తిచ్చి చేయాలి, గంటకు పైగా పట్టవచ్చు. పేగుకు చిల్లు పడటం, క్లోమం వాచడం అరుదే గానీ, ఆ ప్రమాదం లేదని చెప్పలేం.

అందుకే యూరప్ ఎండోస్కోపీ వైద్యుల సంఘం మార్గదర్శకాలు మామూలు సీలియాక్‌ను గుర్తించడానికి ఇవి అక్కర్లేదంటాయి. తగ్గని జబ్బులో మాత్రం ముందు క్యాప్సూల్, ఆపై అవసరమైతే ఎంటరోస్కోపీ అనే వరుసను సూచిస్తాయి. క్యాప్సూల్‌లో పుండు కనిపించిన చోటును బట్టి నోటి నుంచి వెళ్లాలా, మలద్వారం నుంచి వెళ్లాలా అని నిర్ణయిస్తారు. తీసిన ముక్కల్లోని లింఫోసైట్ల గుర్తులను ప్రయోగశాలలో పరీక్షిస్తేనే మొదటి రకమో, రెండో రకమో, లింఫోమానో తేలుతుంది.

జగదల్‌పూర్ నుంచి రాయ్‌పూర్‌కైనా, కిరండూల్ రైలెక్కి విశాఖకైనా దాదాపు 300 కిలోమీటర్లు. ఎండోస్కోపీకి పేరున్న హైదరాబాద్ ఇంకా దూరం. అంత దూరం వెళ్లేవారు పాత బయాప్సీ స్లైడ్లు, మైనపు దిమ్మలు, యాంటీబాడీ పరీక్షల కాగితాలు వెంట తీసుకెళ్లాలి. వారం రోజుల తిండి చిట్టా కూడా రాసుకోవాలి, ఇంగువ డబ్బా పేరుతో సహా.