ముందు అపర్చర్, వెనకే ఫ్లాష్

మదనపల్లెలో స్టూడియో, పుంగనూరులో పెళ్ళిళ్ళు, పని పడితే కుప్పం. నలభై ఏళ్ళు ఇట్లే గడిచినాయి. ఈ మధ్య మా మేనల్లుడు కుప్పంలో స్టూడియో తెరిచి, "మామా, ముఖాలు షార్పుగా రావడం లేదు, లెన్స్ మార్చేదా?" అని ఫోన్ చేసినాడు. లెన్స్ బాగానే ఉంది. వాడికి చెప్పినవే ఇక్కడ రాస్తున్నాను, గుర్తొచ్చిన వరసలో.

1. చీర బాగొచ్చింది

మొదట్లో నా దగ్గర యాషికా 124జీ ఉండేది. పైనుంచి తొంగిచూసే కెమెరా, 120 రీలుకు 12 ఫోటోలు. నీరుగట్టువారిపల్లె నుంచి ఒక పిల్లను పెళ్ళిచూపుల ఫోటోకని తీసుకొచ్చినారు. కట్టుకున్న పట్టుచీర వాళ్ళ మగ్గం మీద నేసిందే. నాకున్నవి రెండు పెద్ద బల్బులు. వెలుతురు చాలక అపర్చర్ పూర్తిగా తెరిచి 3.5 మీద పెట్టినాను. కళ్ళ మీద ఫోకస్ చేసుకొని, తలెత్తి "కదలొద్దు తల్లీ" అన్నాను. ఆ మాటకే బెదిరి ఆ పిల్ల బెత్తెడు వెనక్కు వాలింది. నేను నొక్కేసినాను.

నెగటివ్ కడిగి భూతద్దం పెట్టి చూస్తే, గుండెల మీది జరీ అంచులో పోగులు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. కళ్ళు మాత్రం పొగలో ఉన్నట్టున్నాయి. వాళ్ళ నాయన పటం తీసుకొని చాలాసేపు చూసి, "చీర బాగొచ్చింది సామీ" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

2. ఎంత తెరవాలో ముఖాన్ని చూసి చెప్పాలి

85 లెన్స్, ఫుల్‌ఫ్రేమ్ కెమెరా, మనిషి రెండు మీటర్ల దూరంలో కూర్చున్నాడనుకో. అపర్చర్ 1.8లో పెడితే స్పష్టంగా వచ్చే లోతు మొత్తం ఆరు సెంటీమీటర్లు. ముక్కు కొస నుంచి చెవి దాకా దాదాపు అంతకు రెట్టింపు ఉంటుంది. 2.8లో ఆ లోతు తొమ్మిది సెంటీమీటర్లు, 5.6లో పద్దెనిమిది, 8లో ఇరవై ఆరు. ఇంకేం కావాలి? ఒక్క మనిషికి 5.6 నుంచి 8. పాస్‌పోర్ట్ ఫోటోకైతే 8. ముఖం పక్కకు తిప్పి కూర్చుంటే ఫోకస్ మనకు దగ్గరున్న కంటి మీద.

బయట చింతచెట్టు కింద 1.8 ముచ్చటగానే ఉంటుంది, వెనకున్న చెత్తనంతా కలిపేస్తుంది. స్టూడియోలో వెనకున్నది నువ్వు డబ్బు పెట్టి కొన్న తెర. దాన్నెందుకు కలిపేయడం?

3. మరీ మూసినా చెడుతుంది

"ఎందుకైనా మంచిది" అని 16, 22 పెట్టేవాళ్ళున్నారు. సన్నటి రంధ్రంలో దూరే వెలుతురు పక్కలకు చెదిరి, ఫోటో మొత్తం కాస్త మెత్తబడుతుంది. చిన్న సెన్సర్ కెమెరాల్లో 11 దాటగానే మొదలవుతుంది. పైగా ఫ్లాష్ గొంతు చించుకోవాలి.

4. ఫ్లాష్ వెనక నడవాలి

మా వాడి మొదటి రోగం ఇది. ఫ్లాష్‌ను ఒక మూల పాతేసినాడు. ఫోటో తెల్లబడితే అపర్చర్ మూస్తాడు, నల్లబడితే తెరుస్తాడు. పొద్దున వచ్చినాయనకు 11, మధ్యాహ్నం వచ్చినామెకు 3.5. షార్పుగా రావడం ఎవరి నొసట రాసుంటే వాళ్ళకు.

8 అనుకున్నావా, 8. ఐఎస్‌ఓ 100, షటర్ 1/125. ఆ మూడూ తాకొద్దు. ఎక్కువైనా తక్కువైనా ఫ్లాష్ పవర్ తిప్పు, లేదా స్టాండు జరుపు. దూరం రెట్టింపైతే వెలుతురు పావు వంతే అందుతుంది. అంటే నాలుగడుగుల్లో 8 వచ్చే లైటు ఎనిమిది అడుగుల్లో 4 ఇస్తుంది. మీటరు లేని రోజుల్లో మేము దీన్ని భాగహారంతో చేసేవాళ్ళం. వివిటార్ 283 ఫ్లాష్ గైడ్ నంబరు 120. దాన్ని దూరం అడుగులతో భాగిస్తే అపర్చర్ వస్తుంది. పదిహేను అడుగులకు 8. గొడుగు పెడితే ఇంకో రెండు స్టాపులు తెరిచేవాణ్ణి. ఎక్కాలు రాని అసిస్టెంటును పెట్టుకునేవాణ్ణి కాదు.

5. నల్ల పట్టీ

షటర్ వేగం పెంచితే షార్పు పెరుగుతుందని నమ్మి, 1/60కే సింక్ అయ్యే కెమెరాలో 1/125 పెట్టి ఒక సాయంత్రమంతా తీసినాను. 36 ఫోటోలు. అన్నింటిలోనూ ఒక పక్క నల్ల పట్టీ. ఫ్లాష్ మెరిసేటప్పటికి షటర్ తెర సగానికి అడ్డంగా ఉంది మరి. డబ్బులు వెనక్కిచ్చినాను. నీ కెమెరా సింక్ ఎంతో తెలుసుకో, దాన్ని దాటొద్దు.

6. మెరుపే కదలికను ఆపేది

కుప్పంలో ఫోటోగ్రాఫరుకు తెలుగు, తమిళం, కన్నడం మూడూ కావాలి. "ఇట్ల చూడు నాయనా" అని సరైన భాష వెతుక్కునేలోపు పిల్లోడు తల తిప్పేసి ఉంటాడు. స్టూడియోలో వాణ్ణి ఆపేది షటర్ కాదు, ఫ్లాష్ మెరిసే క్షణం. చేతి ఫ్లాషుల్లో పవర్ తగ్గించిన కొద్దీ ఆ క్షణం కుదించుకుపోతుంది. అందుకే చంటిపిల్లలకు పవర్ తగ్గించి, లైటు దగ్గరికి లాగుతాను. పాతరకం పెద్ద స్టూడియో లైట్లు కొన్ని దీనికి ఎదురు: పవర్ తగ్గిస్తే మెరుపు సాగుతుంది. నీ దగ్గరున్నది ఏ రకమో చూసుకో.

7. దూడ

పుంగనూరులో ఒక రైతు కూతుర్ని, పుంగనూరు ఆవుదూడను కలిపి ఫోటో తీయమన్నాడు. పెద్దావే మూడడుగుల లోపు ఉంటుంది, ఇక దూడ ఎంత! దాని మూతి నుంచి పిల్ల కళ్ళ దాకా రెండడుగులు. 85 లెన్స్‌తో 11 పెట్టినా లోతు చాలలేదు. లెన్స్ తీసి 50 తగిలించి, రెండున్నర మీటర్లకు వెనక్కి జరిగితే 8లోనే నాలుగడుగుల దాకా దొరికింది. పటంలో ఇద్దరూ బాగా చిన్నగా పడినారు, అంతే. తెర మీద దూడ చేసిన పని గురించి రాయను.

8. రెండు వరసలు

ముందు వరసకూ వెనక వరసకూ రెండడుగుల ఎడం ఉంటే, నాలుగడుగుల్లో ఉన్న లైటు ముందువాళ్ళకు రెట్టింపు పైనే వెలుతురిస్తుంది. పదడుగులకు లాగితే తేడా అర స్టాపే. పవర్ పెంచు, అపర్చర్ 8 నుంచి 11.

9. ట్రిగర్ తీసి ఒక ఫోటో

చివరికి కుప్పం పోయి చూసినాను. "ఫ్లాష్ ట్రిగర్ తీసేసి, రోజూ పెట్టేట్టే పెట్టి ఒకటి తీయి" అన్నాను. తీసినాడు. నల్లగా రావాల్సిన ఫోటోలో వాడి స్టూలు, తెర మడతలు, గోడ మీది క్యాలెండరు అన్నీ కనబడుతున్నాయి. ఐఎస్‌ఓ 400, షటర్ 1/30, తలుపు తెరిచి ఎండ, పైన రెండు ట్యూబులైట్లు. ఫ్లాష్ ఒక ముఖాన్ని గీస్తే, ఈ వెలుతురంతా పక్కనే ఊగే ఇంకో ముఖాన్ని గీస్తోంది. లెన్స్ ఏం చేస్తుంది పాపం!

ఐఎస్‌ఓ 100కు దించి, 1/125 పెట్టి, ట్యూబులైట్లు ఆపి, తలుపుకు దుప్పటి కట్టినాం. ఫోకస్‌కు ఫ్లాష్‌లోని మోడలింగ్ ల్యాంప్ ఒక్కటే. మళ్ళీ ట్రిగర్ లేకుండా తీస్తే స్క్రీను కారునలుపు. అది చూసి మా వాడు నవ్వుతుండగా దుప్పటి అంచు ఎత్తి ఒకాయన లోపలికి తల పెట్టినాడు. "ఫోటో తీస్తారా అన్నా, మూసేసినారా?"