హాస్యపాత్ర: చిన్నతెర, పెద్దతెర

భద్రాచలమునకు సుమారు 35 కిలోమీటర్ల దూరమున, గోదావరి యొడ్డున, అడవుల నడుమ పర్ణశాల యను గ్రామము కలదు. నేడది భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోని దుమ్ముగూడెం మండలమునకు చెందినది. సీతారామలక్ష్మణులు వనవాసకాలమున కుటీరము కట్టుకొని నివసించిన పంచవటి యిదియే యని ఇచ్చటివారి నమ్మకము. సీతాపహరణము జరిగినదియు ఇచ్చటనే యని చెప్పుదురు. అయితే ఆ దుఃఖకథకు మొదలు ఒక పరిహాసమని చాలమందికి స్ఫురింపదు.

శూర్పణఖ తన్ను వరింపుమని శ్రీరాముని కోరెను. రాముడు చిరునవ్వు నవ్వి, తనకు భార్య కలదనియు, తమ్ముని అడుగుమనియు చెప్పెను. తాను అన్నకు దాసుడననియు, దాసుని పెండ్లాడి దాసివి కానేల యనియు పలికి, లక్ష్మణుడామెను మరల అన్నగారి కడకే పంపెను. ఆమెకు పరిహాసము తెలియదని వాల్మీకి చెప్పినాడు. ఆమె ఆ మాటలను నిజమని నమ్మి, తనకు సీతయే అడ్డమని తలచి మీదికి దూకెను. లక్ష్మణుడామె ముక్కుచెవులు కోసెను. ఖరదూషణులతో యుద్ధము, మాయలేడి, రావణుని రాక, అన్నియు దాని వెంటనే వచ్చినవి. ఇచ్చట హాస్యము కథను నడిపినది.

హాస్యము మరియొక విధముగను ఉండును. మన తోలుబొమ్మలాటలలో రామాయణకథ సాగుచుండగా కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క నడుమ వచ్చి జనమును నవ్వించి పోవుదురు. వారు వచ్చినందున రాముని కథ మారదు, వారును మారరు. నిన్న తిన్న దెబ్బ వారికి నేడు గుర్తుండదు. రేపు మరల అదే జగడము. చూచువారికి కావలసినదియు అదియే.

టెలివిజనులోని హాస్యపాత్ర సాధారణముగా ఈ రెండవ తెగకు చెందినది. తెలుగున దానికి చక్కని ఉదాహరణము ‘అమృతం’. గుణ్ణం గంగరాజు రూపొందించిన ఈ ధారావాహిక 2001 మొదలు 2007 వరకు జెమిని టీవీలో ఆదివారములందు ప్రసారమయ్యెను. దాని భాగములు 300 దాటినవి. అమృతం, అతని మిత్రుడు ఆంజనేయులు కలిసి ‘అమృత విలాస్’ అను హోటలు నడుపుదురు. త్వరగా ధనవంతుడు కావలెనని అమృతం ఆశ. ఆశ నుండి ఒక ఉపాయము, ఉపాయము నుండి ఒక చిక్కు, చిక్కు నుండి నవ్వు పుట్టును. భాగము ముగియునప్పటికి అందరును మొదటి చోటికే చేరుదురు. ఇంటి యజమాని అప్పాజీ మరల విసుగుకొనును. హోటలులోని సర్వం మరల తన ధోరణిలోనే ఉండును. అమృతం పాత్రను శివాజీ రాజా, నరేష్, హర్షవర్ధన్ వేరువేరు కాలములందు ధరించిరి. ఆంజనేయులుగా గుండు హనుమంతరావు నటించెను. నటులు మారినను అమృతం పాత్ర నిలిచినది. ముఖము కంటె స్వభావమే పాత్రకు ప్రాణమని దీనివలన తెలియుచున్నది.

2014లో గంగరాజు దర్శకత్వముననే ‘చందమామలో అమృతం’ అను చలనచిత్రము వచ్చెను. శ్రీనివాస్ అవసరాల అమృతముగను, హరీష్ ఆంజనేయులుగను నటించిరి. అప్పాజీ పాత్రలో శివన్నారాయణ, సర్వం పాత్రలో వాసు ఇంటూరి మాత్రము పాతవారే. చిన్న భాగములలో ఇమిడిన పాత్రకు పెద్ద కథను మోయవలసిన పని పడినది. అందుకు ఎన్నుకొన్న ఉపాయము స్థలమును మార్చుట. హోటలు చంద్రమండలమునకు తరలినది. భూమిపై తగవులాడుకొన్నవారు చంద్రునిపైకి పోయినను అట్లే తగవులాడుదురను ఊహ నవ్వు పుట్టించునదే. కాని ధారావాహికను చూచి జనులు నవ్వినది తమ వీధిలోని హోటలును, తమ ఇంటి అద్దె బాధను అందులో గుర్తించి. చంద్రునిపై ఆ పరిచయము పలుచబడును. ధారావాహికకు కలిగిన ఖ్యాతి చిత్రమునకు రాలేదు. అందుకు ఇదియొక్కటే కారణమని చెప్పరాదు. 2020లో అంతర్జాలము ద్వారా వచ్చిన ‘అమృతం ద్వితీయం’ మరల చిన్న భాగములుగానే వెలువడెను.

ఆంగ్లదేశపు మిస్టర్ బీన్‌కును ఇట్టి పరీక్షయే వచ్చినది. రోవన్ అట్కిన్‌సన్ ధరించిన ఈ పాత్ర 1990 నుండి 1995 వరకు టెలివిజనులో కనబడెను. ఇతనికి మాటలు బహుస్వల్పము, చేష్టలే అధికము. 1997 నాటి చలనచిత్రమున ఇతడు లండనులోని ఒక చిత్రశాలలో ఉద్యోగి. ఇతడు గొప్ప పండితుడని భ్రమించి లాస్ ఏంజెలెస్ నగరపువారు పిలిపింతురు. విస్లర్ తన తల్లిని చిత్రించిన ప్రసిద్ధ పటమును ఇతడు పాడుచేయును. బీన్ స్వభావము ఏమియు మారలేదు. కాని ఇతనికి ఆశ్రయమిచ్చినవాని ఉద్యోగమును, సంసారమును ఆపదలో పడును. ప్రేక్షకుడు నవ్వుచునే తరువాత ఏమగునోయని తల్లడిల్లును. ఇచ్చట స్థలము మారుట కాదు, చేష్టకు ఫలము కలుగుటయే కథను నిలిపినది.

నడుమ వచ్చి నవ్వించి పోవు హాస్యము తక్కువదని దీని భావము కాదు. ఒక దినపు అలసటను తీర్చుటకు అది చాలును. కాని దానిని పెద్దకథలోనికి తెచ్చువాడు, పాఠశాల వార్షికోత్సవమునకు నాటిక వ్రాయు విద్యార్థి యైనను సరే, తన్ను తానొక ప్రశ్న వేసికొనవలెను: ఈ నవ్వు వలన ఎవరి బ్రతుకులో ఏమి మారినది? సమాధానము దొరికినచో పాత్ర ఎంత పెద్ద తెరనైనను నింపగలదు.