స్పీడ్ బ్రేకర్ అడిగిన చోట వేయకండి

రోడ్లు భవనాల శాఖలో కొత్తగా అసిస్టెంట్ ఇంజనీరు (ఏఈ)గా చేరి, రెండు వరసల రాష్ట్ర రహదారి ఉన్న సెక్షన్ తీసుకున్నారనుకోండి. యాక్సిడెంటు జరిగిన మర్నాడే ఊళ్ళోవాళ్ళు రోడ్డుకు అడ్డంగా కూర్చుంటారు, స్పీడ్ బ్రేకర్ వేస్తేగానీ లేవమంటారు. వాళ్ళ బాధ న్యాయమైనదే, మెయిన్ రోడ్డు మీద అడిగే చోటే సరైనది కాదు. వేగంగా వచ్చే లారీ చీకట్లో దాన్ని చూసి సడన్ బ్రేకు వేస్తే వెనకబండి వచ్చి గుద్దుతుంది. బ్రేకర్ పడాల్సింది ఊరి దారి మీద, అది మెయిన్ రోడ్డులో కలిసే ముందు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐఆర్సీ) 1988లో ఇచ్చిన కొలత 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు. మిగిలిన తారుతో కాంట్రాక్టరు పోసిపోయే దిబ్బ నడుములు విరగ్గొట్టడానికి తప్ప ఎందుకూ పనికిరాదు.

ఆ ఊరి దారి మెయిన్ రోడ్డులో కలిసే చోట బైకు మీద కూర్చుని, మెయిన్ రోడ్డు ఎక్కబోయేవాడిలా అటూ ఇటూ చూడండి. 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి ఆగడానికి ఐఆర్సీ లెక్కన 120 మీటర్లు కావాలి. అంత దూరం కనిపిస్తోందా? సర్కారు తుమ్మ, మూలమీదే ఆగిన ఆటోలు, నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ అడ్డముంటాయి. జంగిల్ క్లియరెన్స్‌కి పెద్ద ఎస్టిమేటు అక్కర్లేదు. ఫ్లెక్సీ మాత్రం సర్పంచ్ చేతే తీయించండి.

ట్రాఫిక్ సాగాలంటే రోడ్డు వెడల్పు చేయాల్సిందేనంటారు. ముందు బర్మ్, అంటే తారు పక్కనుండే మట్టి అంచు, చూడండి. బీటీ (తారు పొర) మీద బీటీ వేస్తూ పోతే తారు అంచు లేస్తుంది, పక్కమట్టి వానకు కొట్టుకుపోయి ఇంకా దిగిపోతుంది. గడ్డి ట్రాక్టరు పక్కకు దిగి దారివ్వలేదు. దాని వెనక బస్సు, బస్సు వెనక బళ్ళ వరస. ఓపిక పట్టలేని కారు ఓవర్‌టేక్‌కి వస్తే, ఎదురొచ్చే బైకువాడు తప్పుకోబోయి ఆ అంచు మీంచి జారిపడతాడు. రెండు వైపులా గ్రావెల్ నింపి రోలర్ తిప్పితే బళ్ళు దిగడానికి చోటు దొరుకుతుంది. ఆ ఐటం బీటీ ఎస్టిమేటులోనే కలపండి. తర్వాత విడిగా అడిగితే నిధులు రావడం కష్టం.

కోతలప్పుడు తారు మీద వడ్లు ఆరబోస్తారు. కల్లం లేని రైతు మరెక్కడ పోస్తాడు? నెల ముందే సర్పంచ్‌తో, వ్యవసాయ శాఖ వాళ్ళతో కూర్చుని ఖాళీ జాగా చూపించండి. అయినా రోడ్డు మీదే పోస్తే, వడ్ల చుట్టూ, కప్పిన పరదా మీద పెట్టే రాళ్ళు పొద్దుగూకేలోగా తీసేయాలన్న ఒక్కమాట దగ్గర మాత్రం గట్టిగా ఉండండి. నల్ల పరదా మీద పెట్టిన రాయి డిమ్ లైటులో కనబడదు.

జాతీయ రహదారుల మీద 500 మీటర్ల నిడివిలో మూడేళ్ళలో 5 తీవ్ర ప్రమాదాలో, 10 మరణాలో జరిగితే బ్లాక్ స్పాట్ అనడం కేంద్రం పెట్టిన కొలత. మీరు అంతదాకా ఆగకండి. కేసుల్లేకుండా పోయిన ప్రమాదాల సంగతి పంక్చర్ షాపువాడికి తెలుసు, అతన్ని అడగండి. మలుపులో ఉన్న కరెంటు స్తంభం జరపాలని తేలితే విద్యుత్ శాఖ వాళ్ళకు ఫోన్లో చెప్పి ఊరుకోకండి. లెటర్ పెట్టి, అందినట్టు సంతకం తీసుకుని, నకలు ఫైల్లో ఉంచండి. మీరు బదిలీ అయినా తర్వాత వచ్చే ఏఈ అక్కణ్ణించే అందుకుంటాడు.