పాలలో నల్లమందు లేదు

ఈసారి గోడపత్రికలో సైన్సు పేజీ నాది. నేను అడిగి తీసుకోలేదు, వార్డెన్ మేడమ్ రాయమన్నారు. ఎందుకంటే తప్పు నాదే.

సంగతి ఐదవ తరగతి చెల్లెళ్లకు తెలుసు. పోయిన నెల సైన్స్ సార్ ప్రోటీన్ల పాఠం చెప్తూ, పాలు అరిగేటప్పుడు అందులోంచి మార్ఫిన్ లాగ పని చేసే చిన్న ముక్క ఒకటి పుడుతుంది అన్నారు. అంతలో గంట కొట్టారు. మిగతాది రేపు చెప్తానన్నారు. నేను రేపటి దాకా ఆగలేదు. రాత్రి పాల లైన్లో నిలబడి "పాలల్ల నల్లమందు ఉన్నదట, సారే చెప్పిండు" అన్నాను. నిజం చెప్పాలంటే గొప్ప కోసం అన్నాను. ఆ రాత్రి 11 గ్లాసుల పాలు అట్లనే వెనక్కి పోయాయి. తెల్లారి కూడా వాళ్లు తాగలేదు. వాళ్లల్లో ఒక చిన్నదాన్ని మేడమ్ పక్కన కూర్చోబెట్టుకుని అడిగితే "నేను గూడ మా నాయిన లెక్క అయిత" అని ఏడ్చిందట. ఎవరో రాయను. వాళ్ల నాయిన తాగుతడు. ఆ మాట విన్నంక నాకు అన్నం సయించలేదు.

తర్వాత రెండు ఆదివారాలు సార్ కంప్యూటర్ గదిలో కూర్చోబెట్టి మొత్తం చెప్పారు. నాకు అర్థమైనంత వరకు రాస్తున్నాను.

ముందు ప్రోటీన్ అంటే ఏంది? పూసల దండ అనుకోండి. పూసలను అమైనో ఆమ్లాలు అంటారు. 20 రకాల పూసలు ఉంటాయి. ఏ పూస తర్వాత ఏ పూస అనేదాన్ని బట్టి అది పాల ప్రోటీనా, నెత్తురు ప్రోటీనా, వెంట్రుకా అనేది తేలుతుంది. పాలలో కేసిన్ అనే ప్రోటీన్ ఉంటుంది. పాలు విరిగితే తెల్లగా ముద్ద కడుతుంది కదా, అందులో ఎక్కువ భాగం అదే. ఆవుపాలలో ఉండే బీటా కేసిన్ దండలో 209 పూసలు. మన కడుపులో, పేగులో ఉండే ఎంజైములు కత్తెరల్లాగ ఈ దండను తెంపుతాయి. బాగా చిన్నగా తెగితేనే ఒంటికి పడుతుంది. కానీ ఒక్కోసారి నాలుగైదు పూసలు కలిసే ఉన్న చిన్న ముక్కలు మధ్యలో తయారవుతాయి. వాటిని పెప్టైడ్లు అంటారు. నేను గడబిడ చేసింది ఈ ముక్కల గురించే.

ఇప్పుడు నల్లమందు. కోడికూరలో గసగసాలు నూరి వేస్తారు కదా, ఆ చెట్టు పచ్చికాయకు గాటు పెడితే పాలు కారుతాయి. ఆ పాలు ఎండితే నల్లమందు. అందులో ఉండేది మార్ఫిన్. అది నొప్పిని చంపుతుంది, మత్తు ఇస్తుంది, అలవాటైతే వదలదు. ఎక్కడో చేనులో కాసిన కాయ రసం మనిషి నొప్పి మీద ఎట్ల పని చేస్తుంది? 1973లో అమెరికాలో క్యాండేస్ పెర్ట్, సోలమన్ స్నైడర్ అనే ఇద్దరు మెదడులో దానికి సరిపోయే తాళం ఉందని చూపించారు. మరి ఆ తాళం గసగసాల కోసం పుట్టలేదు కదా. మన ఒంట్లోనే దానికి అసలు తాళంచెవి ఉండాలి. 1975లో స్కాట్లాండ్‌లోని అబర్డీన్‌లో జాన్ హ్యూస్, హాన్స్ కోస్టర్లిట్జ్ దాన్ని పట్టుకున్నారు. అవి ఐదే ఐదు పూసల ముక్కలు, పేరు ఎన్కెఫలిన్లు. మొదటి పూస టైరోసిన్. ఈ తాళానికి పట్టే వేటినైనా ఓపియాయిడ్ అని పిలుస్తారు. నల్లమందుకు ఇంగ్లీషు పేరు ఓపియం, దాని నుంచి వచ్చింది ఆ మాట. నేను పొరపడింది ఇక్కడే. ఆ పేరు తాళాన్ని బట్టి పెట్టింది, చెట్టును బట్టి కాదు.

జర్మనీలో విక్టర్ బ్రాంట్ల్ అనే శాస్త్రవేత్త ఇట్లాంటి ముక్కలు తిండిలో కూడా ఉంటాయా అని వెతికారు. హాన్స్‌యోర్గ్ టెషెమాకర్, ఇంకా కొందరు ఆయనతో పని చేశారు. వాళ్లు పరీక్ష చేసిన తీరు నాకు మస్తు నచ్చింది. గినీ పంది పేగు ముక్కను ఉప్పునీళ్ల లాంటి వెచ్చని ద్రవంలో వేలాడదీస్తారు. చిన్నగా కరెంటు ఇస్తే అది టక్కున ముడుచుకుంటుంది. మార్ఫిన్ చుక్క వేస్తే ముడుచుకోవడం తగ్గుతుంది, ఎందుకంటే పేగులో కూడా అదే తాళం ఉంది. బ్రాంట్ల్ వాళ్లు ఎంజైములతో తెంపిన కేసిన్ తీసుకుని, అందులోని ముక్కలను వేరు చేసి వేశారు. ఒక రకం ముక్కకు పేగు నెమ్మదించింది. ఇంకేదో కారణం వల్ల కూడా నెమ్మదించవచ్చు కదా? అందుకని నాలోక్సోన్ అనే మందు వేశారు. అది ఆ తాళం నుంచి మార్ఫిన్ లాంటివాటిని బయటికి తోసేస్తుంది. వేయగానే పేగు మళ్లీ ముడుచుకోవడం మొదలుపెట్టింది. అంటే ఆ ముక్క ఆ తాళానికే పట్టిందన్నమాట. 1979లో ఈ సంగతి ప్రకటించి, దానికి బీటా కేసోమార్ఫిన్ అని పేరు పెట్టారు. 7 పూసలు, బీటా కేసిన్ దండలో 60 నుంచి 66 వరకు. మొదటిది టైరోసిన్, రెండవది ప్రోలిన్.

అయితే మరి మత్తు రాదా? రాదు. నా ట్రంకు పెట్టె తాళానికి మా బెంచీ అమ్మాయి తాళంచెవి కూడా పడుతుంది. కానీ గుంజి గుంజి తిప్పాలి, పదిసార్లలో ఒకసారి తెరుచుకుంటుంది. కేసోమార్ఫిన్ అట్లాంటిది. మార్ఫిన్ కంటే బలం చాలా తక్కువ. పైగా పేగులో, నెత్తురులో ఉండే ఎంజైములు దాన్ని కూడా తొందరగా తెంపేస్తాయి. 2009లో ఐరోపా ఆహార భద్రతా సంస్థ పరిశోధనలన్నీ చూసి, ఈ ముక్కను తినడం వల్ల జబ్బులు వస్తాయని చెప్పడానికి సంబంధం తేలలేదని చెప్పింది. 67వ పూసను బట్టి పాలను ఏ1, ఏ2 అని చెప్పి ఎక్కువ ధరకు అమ్మేవాళ్లు కూడా ఉన్నారు. 67వది హిస్టిడిన్ అయితే ముక్క తేలిగ్గా తెగుతుంది, ప్రోలిన్ అయితే అంత తేలిగ్గా తెగదు. బర్రెపాలలో ఉండేది ప్రోలినే. కాబట్టి బర్రెపాలు తాగేవాళ్లు ఆ ప్యాకెట్ల కోసం డబ్బులు పోసుడు దండుగ అని నా అభిప్రాయం.

ఇక్కడ మా అమ్మమ్మ మాట ఒకటి చెప్పాలి. మాది తాడ్వాయి అవతల అడవి పక్క ఊరు. అమ్మమ్మ ఆవుపాలు పిండనియ్యదు. "దూడ నోటిది మనం గుంజుకోవద్దు, దాని నిద్ర అండ్లనే ఉంటది" అంటది. హాస్టల్‌కు వచ్చినంక నేను ఆ మాటకు నవ్వేదాన్ని. 1985లో జర్మనీలోనే అప్పుడే పుట్టిన దూడలకు పాలు తాగినంక పరీక్ష చేస్తే, వాటి నెత్తురులో కేసోమార్ఫిన్‌కు సంబంధించిన పదార్థం కనిపించింది. అప్పుడే పుట్టిన దూడ పేగు పెద్దవాళ్ల పేగంత గట్టిది కాదు, ముక్కలను లోపలికి పోనిస్తుంది. అమ్మమ్మ బడికి పోలేదు. కానీ దూడ పక్కన చాలాసేపు కూర్చున్నది.

పాలు మానేసిన చెల్లెళ్లు ఇంకేమేం మానాలో కూడా చెప్తాను. గోధుమ ప్రోటీన్‌లో కూడా ఇట్లాంటి ముక్కలు ఉన్నాయని అదే 1979లో అమెరికాలో క్రిస్టీన్ జియుద్రూ వాళ్లు చూపించారు. అంటే చపాతీ పోయింది. 2001లో జపాన్ వాళ్లు పాలకూరలో చూపించారు. అది రుబిస్కో అనే ప్రోటీన్ ముక్క, రుబిస్కో ప్రతి పచ్చని ఆకులోనూ ఉంటుంది. ఇంక తోటకూర, గోంగూర, మెంతికూర అన్నీ పోయాయి. మేకనెత్తురు వేపుడు పండక్కి చేస్తే ఎగబడి తింటారు కదా, అందులో కూడా ఉంది. అది కూడా బ్రాంట్లే కనిపెట్టారు, 1986లో. నెత్తురును ఎర్రగా చేసే హిమోగ్లోబిన్‌ను ఎంజైములతో తెంపితే వచ్చే ముక్కలకు హిమోర్ఫిన్లు అని పేరు పెట్టారు. 1991లో స్వీడన్ వాళ్లు మనిషి మెదడు కింద ఉండే పీయూష గ్రంథిలో కూడా ఇట్లాంటి ముక్కను చూశారు. అంటే తినకపోయినా మన ఒంట్లో ఉన్నట్టే.

నెత్తురు మాట రాగానే నాకు చెల్లెళ్లూ పాలూ మర్చిపోయి మా అన్న గుర్తొచ్చాడు. మా అన్నకు సికిల్ సెల్ ఉంది. రాయాలా వద్దా అని అడిగితే, "దాచుకునేటందుకు నేనేం దొంగతనం చేసిన్నా, రాయి" అన్నడు. మనలో చాలామంది ఊళ్లకు సూది గుచ్చి రక్తం చుక్క తీసుకునేవాళ్లు వచ్చారు. 2023 జూలై 1న మొదలైన సికిల్ సెల్ నిర్మూలన మిషన్ అది. 40 ఏళ్ల లోపు 7 కోట్ల మందికి పరీక్ష చేయాలని పెట్టుకున్నారు. కార్డు వచ్చినవాళ్లు పెట్టె అడుగున దాచకండి.

హిమోగ్లోబిన్ బీటా దండలో 146 పూసలు. ఆరవ పూస గ్లుటామిక్ ఆమ్లం ఉండాలి, అన్న నెత్తురులో అక్కడ వేలిన్ ఉంది. 146లో ఒక్కటే మారింది. ఆక్సిజన్ తగ్గినప్పుడు ఈ మారిన దండలు ఒకదానికొకటి అంటుకుని కట్టెల్లాగ అవుతాయి, గుండ్రటి రక్తకణం కొడవలి లాగ వంగుతుంది. సన్న నాళాల్లో ఇరుక్కుంటుంది. అప్పుడు వచ్చే నొప్పి నేను చూశాను. చలికాలం ఒకరాత్రి అన్న గోడకు కాళ్లు తన్నుకుంటూ అమ్మను బయటికి పొమ్మని అరిచాడు, అమ్మ ముందు ఏడవొద్దని.

అందుకే సార్‌ను అడిగాను. నెత్తురులోనే నొప్పి తగ్గించే ముక్క ఉంటే, మా అన్నకెందుకు అంత నొప్పి?

సార్ బోర్డు మీద 146 చుక్కలు పెట్టారు. ఆరవ చుక్కకు సున్నా చుట్టారు. తర్వాత 35, 36, 37, 38 చుక్కల కింద గీత గీశారు. టైరోసిన్, ప్రోలిన్, ట్రిప్టోఫాన్, థ్రియోనిన్. హిమోర్ఫిన్లలో చిన్నది ఈ నాలుగు పూసలే. చూడండి, ఇందులో కూడా మొదట టైరోసిన్, తర్వాత ప్రోలిన్, పాల ముక్కలో లాగనే. దండలో ఉన్నంతసేపు ఆ నాలుగూ ఏ తాళానికీ పట్టవు. ఎంజైము తెంపి బయటికి తీస్తేనే పడతాయి. పట్టినా బలం తక్కువ. కొడవలి కణాలు దారి మూసేసిన చోట ఆ బలం ఎటూ సరిపోదు. అందుకే డాక్టర్లు రోజూ హైడ్రాక్సీయూరియా మాత్ర వేసుకోమంటారు, నీళ్లు బాగా తాగమంటారు, చలిలో తిరగొద్దంటారు. నొప్పి మరీ ఎక్కువైతే ఆసుపత్రిలో అసలు మార్ఫినే ఇవ్వాల్సి రావచ్చు. అప్పుడు అది మత్తు కాదు, మందు.

పోయిన వారం సార్ ఐదవ తరగతిలో కూడా ఆ బోర్డు గీసి చెప్పారు. నేను పక్కన నిలబడి తప్పు నాదే అని ఒప్పుకున్నాను. మొన్న రాత్రి రెండు గ్లాసులే వెనక్కి పోయాయి. అందులో ఒకటి చక్కెర తక్కువైందని.

ఆదివారం మేడమ్ ఫోన్ ఇస్తే అన్నకు ఇదంతా చెప్పాను. చుక్కలు లేకుండా ఫోన్లో చెప్పుడు కష్టమైంది. అన్న విని, "ఆరోది చెడిపోయింది సరే, ఆ నాలుగు పూసలు నా నెత్తురుల మంచిగనే ఉన్నయా?" అన్నడు. ఉన్నయి అన్నా, 35 నుంచి 38 దాకా ఒక్కటి కూడా మారలేదు అని చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత మాత్ర వేసుకున్నానని చెప్పి, నువ్వు పాలు తాగుతున్నవా అని అడిగిండు.